ఆరు లక్షలతో ఇంకుడు గుంతలు తవ్వించే ముందు

అడిగింది క్లుప్తంగా ఇదీ: ఉమ్మడి నల్గొండ జిల్లాలో 2,000 మంది ఉండే ఊరు. భూమి 2,500 ఎకరాలు, చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల) 60 ఎకరాలు, వ్యవసాయ బోర్లు 300 దాకా ఉన్నాయి. చెరువు నిండి అలుగు (మిగులు నీళ్లు పొర్లే చోటు) పోసి ఆరేళ్లయింది. మార్చి వచ్చేసరికి బోర్లు ఆగి ఆగి పోస్తున్నాయి. అమెరికాలో ఉన్న ఊరివాళ్లు 6 లక్షలు పంపారు. ఇంటికొకటి చొప్పున 200 ఇంకుడు గుంతలు తవ్విద్దామని యూత్ అంటోంది. ఈ మధ్యే చెరువులోకి నీళ్లొచ్చే కాలువ మీద ఒక ఇళ్ల స్థలాల వెంచర్ పడింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ, ఆ డబ్బు కొన్నాళ్లు బ్యాంకులోనే ఉండనివ్వండి. ఇంకుడు గుంతలు చెడ్డవని కాదు, మీ ఊరి సమస్య వాటితో తీరేంత చిన్నది కాదు. భూగర్భ జలాలు, చెరువుల పనుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. మన దగ్గర నీటి పని తవ్వకంతో మొదలై ఫొటోతో అయిపోతుంది. లెక్క మాత్రం ఎవరూ వేయరు. అందుకే ముందు లెక్క చూద్దాం.

ఇంటి ముందు తీసే గుంత మామూలుగా ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు. రాళ్లూ కంకరా నింపాక నీళ్లు పట్టే ఖాళీ 1,200 లీటర్లకు మించదు. ఏడాదికి నలభై సార్లు నిండుతుందని ఉదారంగా లెక్కేసినా 50,000 లీటర్లు. 200 గుంతలకు కోటి లీటర్లు. వినడానికి పెద్ద అంకే. కానీ యాసంగిలో ఎకరం వరికి నాటు నుంచి కోత దాకా పెట్టే నీళ్లు 50 లక్షల లీటర్ల దగ్గర ఉంటాయి. అంటే ఊరంతా తవ్విన గుంతలు కలిసి సంపాదించేది రెండెకరాల వరికి సరిపోయే నీళ్లు. మీ 6 లక్షలకు వచ్చేది అదే.

ఇప్పుడు ఊరి మొత్తం రాబడి చూడండి. ఒక మిల్లీమీటరు వాన ఎకరం మీద పడితే 4,000 లీటర్లు. ఏడాదికి 700 మి.మీ. వాన అనుకుంటే మీ 2,500 ఎకరాల మీద పడేది 700 కోట్ల లీటర్లు. మనవి గ్రానైటు, నైస్ అనే గట్టి రాళ్ల నేలలు. ఇలాంటి చోట పడిన వానలో భూమిలోకి దిగేది 10 నుంచి 12 శాతమే. అంటే మంచి ఏడాదిలో మీ ఊరి భూగర్భానికి వచ్చే జమ 75 కోట్ల లీటర్లు. బోరుకు ఎకరం చొప్పున 300 ఎకరాల వరి యాసంగిలో వేస్తే తోడేది 150 కోట్లు. మడిలో పెట్టిన నీళ్లలో మూడో వంతు మళ్లీ కిందికి దిగుతుందని తీసేసినా ఖర్చు 100 కోట్లు. జమ 75, ఖర్చు 100. మార్చిలో బోర్లు ఎందుకు ఆగి ఆగి పోస్తున్నాయో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొక అంకె కూడా చూడండి. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున, జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న ప్రమాణం అదే, 2,000 మందికి ఏడాది పొడుగునా కావలసింది 4 కోట్ల లీటర్లు. ఎనిమిదెకరాల యాసంగి వరికి పెట్టే నీళ్లు! ఊరి తాగునీరు కాపాడటం అసాధ్యమైన పనేమీ కాదని ఈ ఒక్క లెక్క చాలు చెప్పడానికి. ఎనిమిదెకరాల నీళ్లు పక్కన పెట్టలేని ఊరు ఉండదు. ఎవరికీ ఆ అంకె తెలియక, ఎవరూ పక్కన పెట్టమని అడగక పోతున్నాయి.

ఈ లెక్కలు మీ ఊరికి ఉజ్జాయింపు మాత్రమే. మీ వాన, మీ నేల, మీ పంటలతో మళ్లీ వేసుకోవాలి. అది ఎలాగో కింద చెబుతాను. దానికంటే ముందు చెరువు సంగతి, ఎందుకంటే అది ఆగే పని కాదు. వెంచర్‌వాళ్లు ఈ ఎండాకాలంలో రోడ్డు పోసేస్తే తర్వాత పదేళ్లు కోర్టుల చుట్టూ తిరగాలి.

60 ఎకరాల చెరువు సగటున రెండు మీటర్ల లోతున నిండితే 48 కోట్ల లీటర్లు. ఒక్కసారి నిండితేనే! నిండిన చెరువు అడుగు నుంచి రోజుకు దాదాపు 1.4 మి.మీ. నీరు భూమిలోకి దిగుతుందని భూగర్భ జలాల అంచనాల్లో కడతారు. 60 ఎకరాల మీద అది రోజుకు 3 లక్షల లీటర్ల పైనే. మీ 200 గుంతలు ఏడాదంతా చేసే పనిని నిండు చెరువు నెల రోజుల్లో చేస్తుంది, పైగా ఉచితంగా. మీ ఊళ్లో అతి పెద్ద ఇంకుడు గుంత ఎప్పుడో కాకతీయుల కాలం నుంచో, ఆ తర్వాతి దొరల కాలం నుంచో ఉండే ఉంది. దాని నోరు మూసుకుపోయింది, అంతే.

కాబట్టి ఒక ఆదివారం చెరువు దగ్గర మొదలుపెట్టి వాగు దాకా, లేదా పై చెరువు అలుగు దాకా, కాలువ వెంట ఎదురు నడవండి. బండి మీద కాదు, నడిచి. ఊళ్లో నీరటి (తరతరాలుగా చెరువు నీళ్లు చూసుకునేవాళ్ల) కుటుంబం ఎవరిదైనా ఉంటే ఆ పెద్దమనిషిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. కాలువ ఎక్కడ ఒంపు తిరిగేదో, ఏ బండ దగ్గర చీలేదో కాగితాల కంటే వాళ్లకే బాగా తెలుసు. నడిచేటప్పుడు మూడు చూడండి: కాలువలోకి దున్నుకొచ్చిన చేలు, పడేసిన చెత్త, ముళ్లకంప, అన్నిటికంటే ముఖ్యంగా రోడ్లు కాలువను దాటేచోట ఉన్న కల్వర్టులు.

ఈ కల్వర్టుల దగ్గర కాస్త ఆగాలి. చెరువు చచ్చిపోయేది ఎక్కువగా అక్కడే. యాదాద్రి వైపు ఒక చెరువుకు నీళ్లు ఎందుకు రావడం లేదో చూడమంటే వెళ్లాను. కాలువ శుభ్రంగా ఉంది, పైన వాన బాగానే పడింది. చివరికి కొత్త రోడ్డు కింద చూస్తే తేలింది. పాత కల్వర్టు పదడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు, అంటే 50 చదరపు అడుగుల దారి. దాన్ని కూల్చి రెండడుగుల సిమెంటు పైపు ఒకటి వేశారు. పైపు నోరు 3 చదరపు అడుగులు. పదహారో వంతు! అదీ పాలిథీన్ సంచులతో, ఎండిన కంపతో సగం మూసుకుపోయి ఉంది. వరద వచ్చిన రాత్రి నీళ్లు రోడ్డు పక్క నుంచి మళ్లి పత్తి చేల మీద పడి వాగులో కలిసిపోయేవి. రైతులు పంట మునిగిందని తిట్టుకున్నారు, ఆయకట్టువాళ్లు చెరువు నిండలేదని తిట్టుకున్నారు. ఇద్దరినీ ముంచింది ఒక్క పైపే అని ఎవరికీ తట్టలేదు. మీ వెంచర్ కూడా కాలువను పూర్తిగా పూడ్చదు. అంత తెలివితక్కువ పని ఎవరూ చేయరు. ‘కాలువ అలాగే ఉంచాం సార్, పైపు వేశాం’ అంటారు. పైపు సైజు అడగండి. టేపుతో మీరే కొలిచి, ఫొటో తీసి, తేదీ వేసి పెట్టుకోండి.

చట్టం వైపు మీ చేతిలో ఉన్నవి చెబుతాను. 2012 నాటి జీవో 168 భవన నిబంధనల ప్రకారం 25 ఎకరాలు, అంటే 10 హెక్టార్లు, దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీటి అంచు ఉండే హద్దు) నుంచి 30 మీటర్ల దాకా ఏ కట్టడమూ ఉండకూడదు. అంతకంటే చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు. పది మీటర్ల కంటే వెడల్పున్న వాగు, కాలువ, నాలాలకు అంచు నుంచి 9 మీటర్లు, సన్న కాలువలకు 2 మీటర్లు వదలాలి. మీది 60 ఎకరాలు కాబట్టి 30 మీటర్ల లెక్కే వర్తిస్తుంది. లేఅవుట్‌కు నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇచ్చిందా, ఇస్తే ఏ షరతులతో ఇచ్చిందో సమాచార హక్కు కింద అర్జీ పెట్టి తీసుకోండి. దాంతోపాటే చెరువు మెమాయిర్ (చెరువు వివరాల సర్కారు రికార్డు), గ్రామ నక్ష (పటం), పాత పహాణీల నకళ్లు అడగండి. కాలువ నక్షలో గీసి ఉంటే సగం కేసు గెలిచినట్టే. గుంటలు, చెరువులు ఊరి ఉమ్మడి ఆస్తి, వాటిని ఇళ్ల స్థలాలుగా మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. మీ వకీలుకు ఆ పేరు చెప్పండి, ఆయనకు తెలిసే ఉంటుంది.

‘శిఖంలో మాకు పట్టా ఉంది’ అనేవాళ్లు తప్పకుండా వస్తారు. ఉండొచ్చు కూడా. శిఖం పట్టా అంటే నీళ్లు దిగినప్పుడు సాగు చేసుకునే హక్కు. మట్టి పోసి లేపే హక్కు కాదు, ప్లాట్లు కొట్టి అమ్మే హక్కు అసలే కాదు. ఆ రైతులతో గొడవ పెట్టుకోకండి. వాళ్లను మీ వైపు ఉంచుకోవడం చాలా అవసరం. శిఖంలో పుచ్చకాయో, దోసో, జొన్నో వేసుకునే రైతు చెరువుకు శత్రువు కాడు. ఆ రైతు దగ్గర ఎకరం కొని టిప్పర్లతో మొరం దింపేవాడితోనే మన పేచీ.

ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడో అధికారికంగా తేల్చడానికి సర్వే కోసం అర్జీ పెట్టండి. ఈలోగా ఊరు చేయగల పని ఒకటుంది, పైసా ఖర్చు లేదు. చెరువు నిండి అలుగు మీద నీళ్లు సన్నగా జారుతున్న రోజున, అంటే రెండు వేళ్ల మందం పారుతున్నప్పుడు, నీటి అంచే ఇంచుమించు ఎఫ్‌టీఎల్. ఆ రోజు పొద్దున్నే పంచాయతీవాళ్లు, ఆయకట్టు రైతులు, మత్స్య సహకార సంఘంవాళ్లు, బడిపిల్లలు అందరూ చెరువు చుట్టూ నడవాలి. యాభై అడుగులకొక చోట సున్నం పోసి, సెల్‌ఫోనులో లొకేషన్‌తో ఫొటో తీయాలి. మరుసటి వారం రాళ్లు పాతాలి. పంచనామా రాసి అందరూ సంతకాలు పెట్టాలి. సర్వేకు ఇది ప్రత్యామ్నాయం కాదు. కానీ సర్వేయర్ వచ్చినప్పుడు గొలుసు ఎటు పోతోందో చూసే కళ్లు వంద ఉంటాయి. వరద ఉద్ధృతంగా ఉన్న రోజు మాత్రం ఈ పని చేయకండి. నీళ్లు అలుగు కంటే అడుగు ఎత్తున పారుతుంటే హద్దు అవతలికి జరుగుతుంది, అవతలివాడు అదే పట్టుకుని మీ మొత్తం రాళ్లనే తప్పు పడతాడు.

అలుగు ఎత్తునూ ఒక కంట కనిపెట్టండి. శిఖంలో ప్లాట్లు వేసినవాళ్లు రాత్రికి రాత్రి అలుగుకు గండి కొట్టి చెరువు మట్టాన్ని దించేస్తారు. ఇంకొన్నిచోట్ల ఎగువ రైతులే ఇసుక బస్తాలు పేర్చి ఎత్తు పెంచుకుంటారు. మనవి గొలుసుకట్టు చెరువులు. మీ అలుగు నీళ్లు కింది ఊరి చెరువుకు జీవం. పైవాళ్లు మనకు చేసింది మనం కిందివాళ్లకు చేయకూడదు కదా.

పూడిక గురించి కూడా రెండు మాటలు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీశారు, రైతులు ట్రాక్టర్లు పెట్టుకుని ఆ ఒండ్రు చేలకు తోలుకున్నారు. బాగా జరిగినచోట నిజంగా మేలు జరిగింది. కానీ పూడికతీత పేరుతో ఇటుక బట్టీలకు, వెంచర్లకు మొరం తోలే వ్యాపారం వేరు. దాన్ని గుర్తుపట్టడం సులువు. పూడిక తీస్తే చెరువు అడుగు పళ్లెంలా సమంగా దిగుతుంది. మొరం తోలితే అక్కడక్కడా ఇరవై అడుగుల నిలువు గుంతలు పడతాయి. తూము మట్టం కంటే కింద తీసిన గుంతలోని నీళ్లు తూము గుండా పారవు, పశువులకు పనికొస్తాయి, కొంత ఇంకుతాయి, కానీ ఆయకట్టుకు రావు. పైగా ఏటా ఈతకు దిగిన పిల్లలు ఆ నిలువు గుంతల్లోనే పోతున్నారు. కట్ట పాదం దగ్గర అసలు తవ్వనివ్వకండి, బుంగలు పడతాయి. కట్ట మీది సర్కారు తుమ్మను చిన్నప్పుడే పీకించాలి. మాను అయ్యాక కొట్టేస్తే వేరు లోపల కుళ్లి అదే బుంగ అవుతుంది.

ఇక బోర్లు. ఇక్కడే ఊళ్లో అసలు మాట్లాడుకోవలసింది ఉంది. చాలామంది పెద్దలు తప్పించుకునేదీ ఇక్కడే. చెరువు కబ్జా అంటే శత్రువు బయటివాడు, కాబట్టి అందరం ఒకటవుతాం. బోరు సంగతికొస్తే ఎవరి బోరు వాళ్లదే.

మొదటి పని కొలవడం. వాడకంలో లేని బోర్లు ఊళ్లో పది పన్నెండు ఉంటాయి. ఎగువన, దిగువన, చెరువు కింద, గుట్ట పక్కన ఇలా నాలుగైదు ఏరుకోండి. స్టీలు టేపు చివర చిన్న బరువు కట్టి, చివరి నాలుగైదు అడుగులకు బడిలో వాడే సుద్దముక్క రుద్దండి. బోరులోకి దించి, పైపు అంచు దగ్గర రీడింగ్ పట్టుకుని, పైకి లాగండి. తడిసినచోట సుద్ద రంగు మారి కనిపిస్తుంది. పై రీడింగ్‌లోంచి తడిసిన పొడవు తీసేస్తే నీటిమట్టం. కొలిచేది పొద్దున్నే, చుట్టుపక్కల మోటార్లు వేయకముందు. నెలకోసారి, అదే తేదీన. ఇంటర్ చదివే పిల్లలు ఇద్దరు చాలు ఈ పనికి. పంచాయతీ గోడ మీద నల్లబోర్డు కొట్టి నెలనెలా రాయించండి. బడి ఆవరణలో ఒక వర్షమాపకం పెట్టండి. భూగర్భ జల శాఖ కూడా నెలనెలా మట్టాలు కొలుస్తుంది, మీ మండలం అంకెలు జిల్లా ఆఫీసులో దొరుకుతాయి. కానీ రైతు నమ్మేది తన ఊళ్లో తన కొడుకు కొలిచిన అంకెనే.

ఇదేమీ నా సొంత కనిపెట్టుడు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నల్గొండ, మహబూబ్‌నగర్, అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లో 600కు పైగా ఊళ్లలో ‘రైతుల భూగర్భ జల యాజమాన్యం’ ప్రాజెక్టు ఇలాగే నడిచింది. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. అక్కడ ఎవరూ రైతును వరి వేయొద్దని అనలేదు. వానాకాలం అయ్యాక, యాసంగి విత్తనం కొనకముందు, ఊరందరినీ కూర్చోబెట్టి జమా ఖర్చూ చూపించారు. ఇంత వాన పడింది, ఇంత ఇంకింది, అందరూ అనుకున్న పంటలు వేస్తే ఇంత కావాలి, ఇంత లోటు. తర్వాత ఎవరి నిర్ణయం వాళ్లది. చాలాచోట్ల వరి విస్తీర్ణం దానంతటదే తగ్గింది. మీరూ దసరా, దీపావళి మధ్య ఈ మీటింగ్ పెట్టండి. అంతకంటే ఆలస్యమైతే నారు పోసేస్తారు, మాట్లాడుకున్నా లాభం ఉండదు.

మహారాష్ట్రలోని హివరే బజార్ ఇంకో మెట్టు పైకెళ్లింది. సాగుకు బోరు వేయకూడదని, చెరకు, అరటి వేయకూడదని గ్రామసభలో కట్టుబాటు పెట్టుకుంది. అంత కఠినంగా మన దగ్గర కుదురుతుందని నేను అనుకోను. మీ ఊళ్లో ఇప్పటికే 300 బోర్లున్నాయి, రాత్రికి రాత్రి పూడ్చమంటే ఎవడూ వినడు. మనకు దగ్గరి దారి అనంతపురం జిల్లాలో కొన్ని ఊళ్లు చేసినది. బోరున్న రైతూ, పక్కన బోరు లేని రైతూ కలిసి పైపులైను వేసుకుని స్ప్రింక్లర్లతో ఒక తడి పంచుకున్నారు. బదులుగా కొన్నేళ్లపాటు కొత్త బోరు వేయబోమని ఇద్దరూ రాసుకున్నారు. బోరు లేనివాడికి నీళ్లు దొరికాయి, ఉన్నవాడికి పక్కన ఇంకో బోరు పడదనే భరోసా దొరికింది. ఇద్దరికీ లాభం ఉంటేనే ఏ కట్టుబాటైనా నిలబడుతుంది. ఉపన్యాసాలతో నిలబడదు.

ఇక 1,000 అడుగుల బోర్ల పిచ్చి గురించి. కొబ్బరికాయ నిలబడిందనో, వేపపుల్ల తిరిగిందనో, రిగ్గు ఏజెంటు ‘ఇంకో రెండొందలు పోదాం అన్నా, కింద గంగ ఉంది’ అన్నాడనో దిగుతారు. మన గట్టి రాతిలో నీళ్లిచ్చే పగుళ్లు చాలాచోట్ల 300 అడుగుల లోపే ఉంటాయి. ఆ కింద పడే నీళ్లు ఎప్పటివో పాతవి, తోడితే మళ్లీ నిండటానికి ఏళ్లు పడుతుంది. లోతుకు పోయినకొద్దీ నల్గొండలాంటి చోట ఫ్లోరైడ్ భయం కూడా ఉంది. అప్పు మాత్రం పైనే ఉంటుంది.

విద్యుత్ మాట కూడా చెప్పాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు. మంచిదే, రాత్రిపూట పాములు, షాకుల మధ్య చేలోకి పోయే బాధ తప్పింది. కానీ మోటారుకు ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు ఉన్నంతసేపూ తోడుతూనే ఉంటుంది, మడి నిండి కాలువలో పోతున్నా సరే. మీ ఊళ్లో ఆటో స్టార్టర్లు తీయించగలిగితే అంతకంటే చవకైన నీటి పొదుపు ఇంకొకటి లేదు. డ్రిప్ మంచిదే, సబ్సిడీ కూడా ఉంది. కాకపోతే డ్రిప్ పెట్టిన రైతు మిగిలిన నీళ్లతో ఇంకో ఎకరం వేస్తే భూమికి మిగిలేది ఏమీ ఉండదు. ఈ సంగతి డ్రిప్ అమ్మేవాళ్లు చెప్పరు.

వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం సంగతి. 2002లో వచ్చింది, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రజల తాగునీటి బోరుకు, బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకూడదు. రిగ్గులు రిజిస్టర్ అయి ఉండాలి. బోరు వేయడానికి అనుమతి ఉండాలి. నిజం చెప్పాలంటే చాలా ఊళ్లలో ఇది కాగితం మీదే ఉంది. అయినా ఒక పని చేయండి. ఊరి తాగునీటి బోర్ల చుట్టూ 250 మీటర్ల వృత్తం నక్షలో గీసి, పంచాయతీ తీర్మానం చేసి, తహసీల్దారుకు ఒక ప్రతి, మీ వైపు తిరిగే రిగ్గు ఏజెంట్లకు ఒక్కొక్క ప్రతి ఇవ్వండి. అర్ధరాత్రి వచ్చే రిగ్గుకు ఆ కాగితం కొంతైనా అడ్డు పడుతుంది.

‘మిషన్ భగీరథ నల్లా వస్తోంది కదా, ఊరి బోరుతో ఏం పని’ అని మీ ఊళ్లోనూ అంటూ ఉండొచ్చు. ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణా నీళ్లు రావడం చాలా పెద్ద ఊరట, అందులో సందేహం లేదు. కానీ పైపులైను పగిలిన వారం, పంపుహౌస్ రిపేరైన వారం ఊరు దేనిమీద బతకాలి? ఫ్లోరైడ్ తక్కువున్న బోరు ఒక్కటైనా మంచి స్థితిలో ఉంచుకోండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మేలు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సర్దుకోవచ్చు, అది దాటితే తాగడానికి వద్దు. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. నైట్రేటు పెరిగిందంటే పక్కన పెంటకుప్పో, కోళ్ల ఫారమో, సెప్టిక్ గుంతో ఉందని అర్థం, లేదంటే యూరియా ఎక్కువవుతోంది. సెప్టిక్ ఇంకుడు గుంత తాగునీటి బోరుకు కనీసం 15 మీటర్లు ఎడంగా ఉండాలి. మన రాతి పగుళ్లలో మురుగు ఎటు పోతుందో చెప్పలేం కాబట్టి ఎంత దూరముంటే అంత మంచిది. వెంచర్‌లో రేపు వందిళ్లు వస్తే వాటి మురుగు ఎటు పోతుందో ఇప్పుడే అడగండి. చెరువులో గుర్రపుడెక్క పెరగడం మొదలైందంటే జవాబు వచ్చేసినట్టే.

చేపల సొసైటీతోనూ మాట్లాడండి. చికెన్ షాపుల వ్యర్థాలు చెరువులో పోసి నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచే బాపతు కొన్నిచోట్ల తయారైంది. నిజాయతీగా రొయ్య, బొచ్చె, రవ్వ పెంచుకునే సభ్యులే వాళ్లను పట్టిస్తారు, వాళ్ల బతుకు ఆ నీళ్ల మీదే కాబట్టి.

ఒక హెచ్చరిక. ఎండిన బోరులోకి చేను నీళ్లనో, వీధి నీళ్లనో నేరుగా వదిలి ‘రీఛార్జ్’ చేయమని సలహాలు తిరుగుతుంటాయి. ఆ పని చేయకండి. పురుగుమందు, పేడ, మురుగు అన్నీ వడకట్టకుండా పక్కింటి తాగునీటి బోరులోకి పోతాయి. ఇంటి కప్పు మీది వాన నీళ్లను, మొదటి వాన వదిలేసి, ఇసుక, కంకర ఫిల్టర్ గుండా పంపితే సరే. వీధి నీళ్లు వద్దు. ఇక వాడని బోర్లకు ఈ రోజే మూతలు వేయించండి. పిల్లలు పడిపోకుండా సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, అయినా వార్తల్లో చూస్తూనే ఉన్నాం.

వాగు ఇసుక గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఘనమీటరు ఇసుక 200 లీటర్ల దాకా నీళ్లు దాచుకుని మెల్లగా వదులుతుంది. వంద ఘనపుటడుగుల ట్రాక్టర్ ట్రిప్పు ఒకటి పోతే 500 లీటర్ల పైన దాచుకునే చోటు పోయింది. రోజుకు నలభై ట్రిప్పులు పోతుంటే వాగు ఒడ్డు బోర్లు ఎందుకు ఎండుతున్నాయో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు ఆ 6 లక్షలు. నేనైతే ఇలా ఖర్చు పెడతాను. సర్వే, నకళ్లు, అవసరమైతే వకీలు ఫీజుకు లక్షన్నర. కాలువ పూడిక, కంప తీయడం వీలైనంత ఉపాధి హామీ కూలీలతో చేయించి, మిషను తప్పనిచోట మాత్రం ఈ డబ్బు, ఇంకో లక్షన్నర. వర్షమాపకం, టేపులు, నల్లబోర్డు, నీటి పరీక్ష కిట్లు, కొలిచే పిల్లలకు నెలకింత, అన్నీ కలిపి 50,000. తాగునీటి బోరుకు సిమెంటు గద్దె, చుట్టూ కంచె, వాడని బోర్లకు మూతలు 50,000. మిగిలిన రెండు లక్షలు ఆటో స్టార్టర్ తీసేసి నీళ్లు పంచుకోవడానికి ఒప్పుకునే మొదటి నాలుగు జతల రైతులకు పైపులైను కోసం. అమెరికా వాళ్లకు ఫొటో కావాలంటే బడి దగ్గర ఒకటి, పంచాయతీ ఆఫీసు దగ్గర ఒకటి ఇంకుడు గుంతలు తవ్వించి పంపండి. నల్లబోర్డు మీది అంకెలు కూడా నెలనెలా పంపండి. డబ్బిచ్చినవాళ్లు కూడా లెక్క అడగడం మొదలుపెడితే సర్పంచ్ మారినా పని ఆగదు.

వెంచర్ కల్వర్టు దగ్గర పైపు కొలత, పాత కాలువ వెడల్పు, అలుగు పొడవు కొలిచి రాయండి. కాలువలో ఎంత వరద వస్తుందో లెక్కగట్టి, అక్కడ ఎంత పెద్ద దారి ఉండాలో చెబుతాను. అర్జీలో ‘పైపు చిన్నది’ అని రాస్తే పక్కన పడేస్తారు. ఎన్ని చదరపు అడుగులు తక్కువో రాస్తే ఇంజనీరు జవాబు ఇవ్వక తప్పదు.